మొనకు పట్టు: చిన్న లేత్‌కు సొంతంగా చేసుకునే హోల్డర్లు, అనుబంధాలు

లేత్ యంత్రం చేసే పనిని క్లుప్తంగా చెప్పాలంటే, చక్‌లో బిగించిన లోహపు ముక్క తన ఇరుసు చుట్టూ తిరుగుతూ ఉండగా దానికి ఆనించిన ఉక్కు మొన ఆ ముక్క ఒంటి నుంచి పలుచని పొరను ఒలిచి తీయడమే. తిరగడం, కోయడం అనే ఈ రెండూ కంటికి కనిపించే క్రియలు గనుక చూసేవారి దృష్టి వాటి మీదే నిలుస్తుంది. అయితే పని నునుపుగా, కొలతకు సరిగ్గా వచ్చిందా లేదా అన్నది తేల్చేది మూడోదైన నిలకడ, అంటే మొనను దాని చోటు నుంచి అంగుళంలో వెయ్యో వంతు కూడా జరగనివ్వకుండా పట్టి ఉంచడం. ఆ పట్టును ఇచ్చే భాగాన్నే టూల్ హోల్డర్ అంటారు. పెద్ద కర్మాగారాల్లోని యంత్రాలకు ఈ పట్టు వాటి బరువు వల్లనే చాలావరకు అమరి వస్తుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్‌కు మాత్రం దాన్ని యజమాని తన చేతులతో, చాలాసార్లు ఆ యంత్రం మీదనే, తయారు చేసి ఇవ్వవలసి ఉంటుంది.

చిన్న లేత్‌లలో ఈనాడు లోకమంతటా ఎక్కువగా కనిపించేది చైనాలో తయారై అనేక పేర్లతో అమ్ముడుపోయే 7 అంగుళాల మినీ లేత్. షాంఘైకి చెందిన సీగ్ సంస్థ నమూనాలు వీటిలో బాగా పేరున్నవి. 7 అంగుళాలు అన్నది యంత్రం పొడవు కాదు, బెడ్‌కు, అంటే యంత్రం పొడవునా అడుగున ఉండే పీఠానికి, తగలకుండా దాని మీద తిరగగల వస్తువు గరిష్ఠ వ్యాసం. మిల్లీమీటర్లలో చెబితే సుమారు 180. రెండు సెంటర్ల నడుమ పట్టే పొడవు నమూనాను బట్టి 250 నుంచి 350 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మొత్తం బరువు దాదాపు 40 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు ఎత్తి బల్ల మీద పెట్టగలిగినంత. ఐటీఐలో టర్నర్ విద్యార్థులు పని నేర్చుకునే లేత్‌లు వందల కిలోలు తూగుతాయి. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే తక్కిన విషయమంతా సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే యంత్రం బరువుకు, అది వణుకును తట్టుకునే శక్తికి దగ్గరి చుట్టరికం ఉంది.

తిరుగుతున్న ఉక్కు ముక్క మొనను తాకినప్పుడు ఆ మొన మీద పడే ఒత్తిడి అక్కడితో ఆగిపోదు. అది మొన నుంచి ఆ మొన చెక్కి ఉన్న ఉక్కు ముక్క అయిన టూల్ బిట్‌కు, బిట్ నుంచి హోల్డర్‌కు, హోల్డర్ నుంచి టూల్ పోస్ట్‌కు, అక్కడి నుంచి వంపు కోణాలకు తిప్పుకునే కాంపౌండ్ స్లయిడ్‌కు, దాని కింద అడ్డంగా జరిగే క్రాస్ స్లయిడ్‌కు, వాటన్నిటినీ మోసే క్యారేజికి, చివరకు బెడ్‌కు చేరుతుంది. ఈ దారిలో ఎన్ని కీళ్లు ఉంటే అన్ని చోట్ల కొద్దికొద్దిగా లొంగుబాటు ఉంటుంది. ఒక్కో కీలు దగ్గర అది కంటికి ఆననంత చిన్నదే అయినా, అన్నీ కూడితే మొన ముందుకు వెనక్కు ఊగడం మొదలై, జాబ్ మీద, అంటే చక్‌లో బిగించిన పని ముక్క మీద, చేప పొలుసుల వంటి గీతలు పడతాయి, యంత్రం కీచుమంటుంది. టర్నర్లు చాటర్ అని పిలిచే జబ్బు ఇదే. హోల్డర్లు, అనుబంధాలు సొంతంగా చేసుకోవడంలో ఉన్న అసలు లక్ష్యం ఈ దారిని పొట్టిగా, లావుగా, తక్కువ కీళ్లతో ఉండేలా మార్చడం. యంత్రానికి కొత్త పనులు నేర్పడం ఆ తర్వాతి మాట.

మొనను యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన మరీ పాతదేమీ కాదు. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతాల్లో ఇనుముతో కట్టిన లేత్‌కు స్లయిడ్ రెస్ట్‌ను, అంటే మరల సాయంతో మొనను ముందుకు పక్కకు జరిపే బండిని, లోహపు పనికి ఆధారపడదగిన రూపంలో అమర్చిన తర్వాతే అది యంత్రశాలల్లో స్థిరపడింది. అంతకు ముందు మొనను మనిషి చేతే పట్టుకునేది. కొయ్యపనిలో ఇప్పటికీ అంతే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క బొమ్మలు చేసే కళాకారులు ఉలిని ఆధారం మీద ఆనించి, మణికట్టు కదలికతోనే బొమ్మ మెడను, నడుమును తీర్చుతారు. మెత్తని కర్ర ఆ చేతికి లొంగుతుంది. ఉక్కు అంత సులువుగా లొంగదు గనుక చేతి స్థానంలో హోల్డర్ వచ్చింది. చేయి క్షణక్షణం చేసుకునే సవరింపు హోల్డర్‌కు లేదు గనుక దాన్ని ముందుగానే తప్పు లేకుండా అమర్చవలసి వచ్చింది.

ఆ అమరికలో అన్నిటికన్నా ముఖ్యమైనది మొన ఎత్తు. మొన సరిగ్గా చక్‌ను తిప్పే స్పిండిల్ ఇరుసు ఎత్తులో, అంటే జాబ్ కేంద్రానికి సమానమైన ఎత్తులో ఉండాలి. దీన్నే సెంటర్ హైట్ అంటారు. మొన కింద ముందు ముఖం జాబ్‌కు రాసుకోకుండా కొంత వాలుగా సానపడతారు. ఆ వాలును క్లియరెన్స్ కోణం అంటారు, ఉక్కు పనికి అది సాధారణంగా 6 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. ఇప్పుడు 50 మిల్లీమీటర్ల వ్యాసం గల జాబ్ మీద మొన అర మిల్లీమీటరు ఎత్తుగా ఉందనుకుంటే, ఆ పొరపాటు క్లియరెన్స్ నుంచి తినేది ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ మాత్రమే, పని ఎలాగో సాగిపోతుంది. అదే అర మిల్లీమీటరు పొరపాటు 10 మిల్లీమీటర్ల జాబ్ మీద దాదాపు 5.7 డిగ్రీలను తినేస్తుంది, అంటే క్లియరెన్స్ దాదాపు మొత్తం హరించుకుపోయి మొన కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. మొన తక్కువ ఎత్తులో ఉంటే మరో ఇబ్బంది: ముక్క చివరి ముఖాన్ని చదును చేసేటప్పుడు నడిమధ్యన చిన్న బొడిపె మిగిలిపోతుంది, సన్నని జాబ్ అయితే మొన మీదికి ఎక్కి వంగిపోతుంది కూడా. చిన్న లేత్ మీద చేసేవి ఎక్కువగా చిన్న వస్తువులే గనుక సెంటర్ హైట్ విషయంలో దానికి పెద్ద యంత్రం కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. కర్మాగారం నుంచి దానితో వచ్చే టూల్ పోస్ట్‌లో ఈ జాగ్రత్తకు తగిన సదుపాయం లేకపోవడమే అసలు చిక్కు.

ఆ టూల్ పోస్ట్ నాలుగు పక్కల నాలుగు గాడులున్న చదరపు దిమ్మ. ఒక్కో గాడిలో ఒక్కో బిట్‌ను పెట్టి పైనుంచి మరలతో బిగిస్తారు. ఎత్తు చాలకపోతే కింద ప్యాకింగ్, అంటే పలుచని రేకు ముక్కలు, పేర్చాలి. బిట్‌ను సాన పట్టిన ప్రతిసారీ దాని ఎత్తు తగ్గుతుంది గనుక రేకుల పేర్పు మళ్లీ మొదలవుతుంది. రేకులు ఎక్కువైన కొద్దీ పైన చెప్పిన కీళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. ఆరు రేకుల మీద కూర్చున్న బిట్, ఒకే దిమ్మ మీద కూర్చున్న బిట్ ఒక్కలా నిలవవు. మొన ఎత్తును పరీక్షించడానికి టర్నర్లు వాడే సులువైన పద్ధతి ఒకటుంది: చక్‌లో గుండ్రని కడ్డీని బిగించి, దానికీ మొనకూ మధ్య పలుచని ఉక్కు స్కేలును నిలువుగా పెట్టి, మొనను మెల్లగా ముందుకు జరిపి స్కేలును తేలికగా నొక్కాలి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్టు. పై కొస జాబ్ వైపు వాలితే మొన ఎత్తుగా ఉన్నట్టు, పనివాడి వైపు వాలితే తక్కువగా ఉన్నట్టు.

ఈ రేకుల బాధను తప్పించడానికి పుట్టినవే త్వరగా మార్చుకోగల టూల్ పోస్ట్‌లు. వీటిలో ప్రతి బిట్‌కూ దాని సొంత హోల్డర్ ఉంటుంది. ఒకసారి ఎత్తు సరిచేసి తాళపు నట్టు బిగిస్తే, హోల్డర్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా మొన అదే ఎత్తుకు వచ్చి కూర్చుంటుంది. అమెరికాలో అలోరిస్ పేరుతో ప్రసిద్ధమైన రకంలో పోస్ట్‌కూ హోల్డర్‌కూ మధ్య డవ్‌టెయిల్ అమరిక ఉంటుంది, అంటే లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యే గాడి, అందులోకి జారి ఇమిడే అదే ఆకారపు పట్టీ. నడుమ ఒక చీల జరిగి రెండింటినీ బిగదీస్తుంది. యూరప్‌లో వాడుకలో ఉన్న మల్టీఫిక్స్ రకంలో పోస్ట్ చుట్టూ 40 పళ్లు ఉండి, హోల్డర్‌ను 9 డిగ్రీల చొప్పున ఏ కోణంలోనైనా నిలపవచ్చు. రెండూ మెచ్చుకోదగినవే. కానీ డవ్‌టెయిల్‌ను కచ్చితంగా చెక్కాలంటే మిల్లింగ్ యంత్రం, దానికి తగిన కోణపు కట్టర్ కావాలి. మినీ లేత్ ఒక్కటే ఉన్న ఇంట్లో మొదటి ప్రయత్నంగా దాన్ని తలకెత్తుకోవడం కష్టాన్ని కొని తెచ్చుకోవడమే అవుతుంది. అంతకన్నా సులువైనది, బ్రిటన్ నమూనా యంత్రకారులలో చాలాకాలంగా వాడుకలో ఉన్న నార్మన్ తరహా పోస్ట్.

నార్మన్ తరహాలో పోస్ట్ అంటే గుండ్రని స్తంభం, హోల్డర్ అంటే ఆ స్తంభం మీదికి దిగే రంధ్రమున్న ఇనుప దిమ్మ. దిమ్మకు ఒక పక్కన రంధ్రం దాకా హ్యాక్సాతో చీలిక కోసి, దానికి అడ్డంగా ఒక అలెన్ బోల్టు వేస్తారు; బోల్టు బిగిస్తే చీలిక దగ్గరై దిమ్మ స్తంభాన్ని కౌగిలించుకుంటుంది. దిమ్మ తలపై నుంచి వచ్చే చిన్న మర ఒకటి స్తంభం పైభాగాన ఆనుతుంది, దాన్ని తిప్పితే దిమ్మ పైకి కిందికి కదిలి మొన ఎత్తు కుదురుతుంది. ఈ మొత్తంలో ప్రధానమైన పని గుండ్రంగా తిప్పడం, రంధ్రం పెద్దది చేయడం, చదును చేయడమే, అవన్నీ లేత్ చేసే పనులే. ఒక లోపాన్ని మాత్రం ఒప్పుకోవాలి: హోల్డర్‌ను తీసి పెట్టిన ప్రతిసారీ ఎత్తు తిరిగి వస్తుంది గాని కోణం రాదు, దాన్ని మళ్లీ చూసుకోవాలి.

దిమ్మకు ఏ లోహం వాడాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా నిర్లక్ష్యం చేయదగినది కాదు. అల్యూమినియం చిన్న లేత్ మీద వెన్నలా తెగుతుంది గనుక కొత్తవారు దానివైపే మొగ్గుతారు. అయితే ఒకే ఆకారం, ఒకే కొలతలు ఉన్న రెండు ముక్కల్లో అల్యూమినియం ముక్క ఉక్కు ముక్క కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. పైగా దానిలో కోసిన మరలు పదేపదే బిగించి వదలడం వల్ల త్వరగా అరిగిపోతాయి. ఎం.ఎస్. అని దుకాణాల్లో అడిగే మామూలు మెత్తని ఉక్కు ఈ పనికి చక్కగా సరిపోతుంది. పోత ఇనుము దొరికితే ఇంకా మంచిది, దానిలోని గ్రాఫైట్ రేకులు వణుకును తమలో ఇముడ్చుకుంటాయి; కాకపోతే దాన్ని కోసినప్పుడు రాలే నల్లని పొడి బెడ్ మీది జారుదారులను అరగదీస్తుంది గనుక వాటిని కాగితంతో కప్పి, పని కాగానే తుడవడం తప్పనిసరి.

తయారీ క్రమంలో అసలు అందం దిమ్మలో గాడి కోసే దగ్గర ఉంది. ముందు నాలుగు దవడలూ విడివిడిగా కదిలే చక్‌లో దిమ్మను పట్టి ముఖాలను చదును చేసి, స్తంభం సరిగ్గా జారి దిగేలా 25 మిల్లీమీటర్ల రంధ్రం బోర్ చేస్తారు. ఆ తర్వాత యంత్రం పాత్రలు తారుమారవుతాయి: దిమ్మను దాని స్తంభం మీదనే కాంపౌండ్ స్లయిడ్‌పై బిగించి, మొన ఉండవలసిన చోట దిమ్మను, జాబ్ ఉండవలసిన స్పిండిల్‌లో 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్‌ను, అంటే చివరన, పక్కలన పళ్లుండే కట్టర్‌ను, అమర్చుతారు. ఎండ్ మిల్‌ను మూడు దవడల చక్‌లో పట్టడం క్షేమం కాదు, దాని గట్టి కాండం జారి ముందుకు వచ్చి పనిలోకి దిగబడే ప్రమాదముంది. స్పిండిల్ లోపలి ఏటవాలు రంధ్రంలో ఇమిడి వెనుక నుంచి పొడవాటి బోల్టుతో లాగి బిగించే కాలెట్‌లో పట్టాలి. ఇప్పుడు క్రాస్ స్లయిడ్‌ను తిప్పుతూ పోతే దిమ్మ ముఖం మీద గాడి పడుతుంది. ఒక్కో దఫా అర మిల్లీమీటరు లోతుకు మించకుండా, ఓపికగా తీయాలి. కట్టర్ కేంద్రం స్పిండిల్ ఇరుసు మీదే ఉంది గనుక గాడి అడుగు ఇరుసు కన్నా సరిగ్గా 5 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది, పైగా అది క్రాస్ స్లయిడ్ కదలికకు వేరే కొలత అవసరం లేకుండానే సమాంతరంగా ఉంటుంది. ఆ గాడిలో 8 మిల్లీమీటర్ల బిట్ పెడితే మొన ఇరుసు కన్నా 3 మిల్లీమీటర్లు ఎత్తుకు వస్తుంది; దిమ్మను స్తంభం మీద ఆ 3 మిల్లీమీటర్లు దించితే సెంటర్ హైట్ కుదిరిపోతుంది. ఆ దించుడుకు చోటు ఉండేలా దిమ్మ ఎత్తును ముందే నిర్ణయించుకోవాలన్నది తొలిసారి చేసేవారు తరచూ మరచిపోయే విషయం.

ఇదే ఉపాయం బోరింగ్ బార్ హోల్డర్ దగ్గర మరింత చక్కగా పనికి వస్తుంది. బోరింగ్ బార్ అంటే ఇదివరకే ఉన్న రంధ్రం లోపలికి దూరి దాన్ని పెద్దది చేసే, చివరన చిన్న మొన ఉన్న కడ్డీ. దాన్ని పట్టే రంధ్రం ఇరుసు ఎత్తులో, ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. వేరే యంత్రం మీద ఆ రెండు షరతులూ నెరవేరాలంటే గీతలు గీసి, కొలిచి, మళ్లీ కొలిచి చూసుకోవాలి. లేత్ మీద అయితే ఖాళీ దిమ్మను టూల్ పోస్ట్ స్థానంలో బిగించి, చక్‌లో ముందు సెంటర్ డ్రిల్‌ను, తర్వాత 9.8 మిల్లీమీటర్ల డ్రిల్‌ను, చివరకు 10 మిల్లీమీటర్ల రీమర్‌ను పట్టి, క్యారేజిని చేత్తో మెల్లగా వాటి మీదికి నడిపితే చాలు. రంధ్రం ఎక్కడ ఉండాలో కొలిచే పని మనిషికి మిగలదు, ఇరుసే దాన్ని తన స్థానంలో తాను తొలిచేస్తుంది. దిమ్మను తీసి మళ్లీ పెట్టినప్పుడు కోణం తప్పితే, చక్‌లో నికరమైన 10 మిల్లీమీటర్ల కడ్డీని పట్టి ఆ రంధ్రంలోకి దూర్చి, అలా ఉండగానే దిమ్మను బిగిస్తే సమాంతరత తిరిగి వచ్చేస్తుంది. నార్మన్ తరహాకు ఉన్న కోణం లోపానికి ఇక్కడ ఇంత సులువైన మందు దొరకడం సంతోషం కలిగించే సంగతి.

బోరింగ్ బార్ ఎంత లావుగా ఉండాలన్న దానికి లెక్క స్పష్టంగా ఉంది. గుండ్రని కడ్డీ బిగువు దాని వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే 8 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 12 మిల్లీమీటర్లది వాడితే బిగువు ఒకటిన్నర రెట్లు కాక అయిదు రెట్లవుతుంది. బయటికి పొడుచుకు వచ్చిన పొడవు రెట్టింపైతే వంగుబాటు ఎనిమిది రెట్లవుతుంది. ఉక్కు బార్‌ను దాని వ్యాసానికి నాలుగు రెట్లకు మించి బయటికి చాచకూడదని యంత్రశాలల్లో పాటించే నియమం ఈ లెక్క నుంచి వచ్చినదే. దుకాణంలో దొరికే బార్‌లు అందరి అవసరాలకూ సరిపడేలా పొడవుగా ఉంటాయి. తనకు కావలసిన రంధ్రానికి తగినంత పొట్టిగా, పట్టినంత లావుగా ఒక బార్‌ను తానే చేసుకున్నవారికి చిన్న యంత్రం కూడా నునుపైన రంధ్రాన్ని ఇస్తుంది.

మొన విషయానికి వస్తే, చిన్న లేత్‌కు ఏ లోహపు బిట్ మంచిదన్న చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆటోనగర్ల లేత్ షాపుల్లో కార్బైడ్ మొనలను విడియా అంటారు. వజ్రం వంటిది అనే అర్థమిచ్చే జర్మన్ మాటల నుంచి పుట్టిన ఆ వ్యాపార నామం వస్తువుకే పేరై స్థిరపడింది. కార్బైడ్ మొన ఎంతో గట్టిది, వేగంగా తిరిగే బలమైన యంత్రం మీద దానికి సాటి లేదు. కానీ కార్బైడ్ బిళ్లల అంచును చాలావాటికి విరగకుండా కాస్త మొద్దుగానే ఉంచుతారు, ఆ అంచు పని చేయాలంటే లోతైన కోత, ఎక్కువ ఒత్తిడి కావాలి, చిన్న లేత్‌కు లేనిది సరిగ్గా అదే. హెచ్.ఎస్.ఎస్. అని పిలిచే హై స్పీడ్ స్టీల్‌ను మాత్రం గ్రైండర్ మీద, ఆపైన నూనె రాయి మీద, గడ్డం గీసేంత పదునుకు తేవచ్చు. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా అది తన గట్టిదనాన్ని వదలదు. చిన్న యంత్రం వేగాలకు అది చాలినంత కన్నా ఎక్కువ. దానికున్న ఒకే చిక్కు, మూడు ముఖాలను మూడు కోణాల్లో చేత్తో సాన పట్టడం కొత్తవారికి ఒక పట్టాన అలవడదు.

ఆ చిక్కును హోల్డర్ ఆకారంతోనే తీర్చే ఉపాయం టాంజెన్షియల్ హోల్డర్. మామూలుగా బిట్ అడ్డంగా పడుకుని, దాని చివర జాబ్‌ను తాకుతుంది. ఇందులో 6 మిల్లీమీటర్ల చదరపు బిట్ దాదాపు నిటారుగా నిలబడి, దాని పై మూల జాబ్‌ను తాకుతుంది. బిట్‌ను పూర్తిగా నిటారుగా కాక రెండు దిశల్లోనూ 12 డిగ్రీల చొప్పున వాల్చి, కింది కొస జాబ్‌కు దూరంగా జరిగేలా పట్టుకుంటారు. ఆ వాలు వల్ల ముందూ పక్కా కావలసిన క్లియరెన్స్ కోణాలు రెండూ సాన పట్టకుండానే వచ్చేస్తాయి. సాన పట్టవలసింది ఇక పై ముఖం ఒక్కటే. దానికి కూడా ఒక చిన్న దిమ్మలో ఏటవాలు గాడి చేసుకుని, బిట్‌ను అందులో పడుకోబెట్టి గ్రైండర్ రాయికి ఆనిస్తే, పన్నెండేళ్ల పిల్లవాడు పట్టినా, ముప్పై ఏళ్ల అనుభవమున్న టర్నర్ పట్టినా ఒకే కోణం వస్తుంది. అరిగినకొద్దీ బిట్‌ను పైకి జరిపి ఎత్తు సరిచేసుకుంటే చాలు, రేకుల అవసరమే ఉండదు. మరో మేలు కూడా ఉంది: కోత ఒత్తిడి ప్రధానంగా కిందికి నొక్కుతుంది గనుక, పడుకున్న బిట్‌ను అది వంచడానికి చూస్తుంది, నిలబడిన బిట్‌ను మాత్రం నిలువునా అదుముతుంది. నిట్టాడి మీద బరువు మోపడానికీ, గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన కర్ర కొసకు బరువు వేలాడదీయడానికీ ఉన్న తేడా ఇది.

దీన్ని చేయడానికి 12 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు కడ్డీ, ఒక బోల్టు, చిన్న బిగింపు బిళ్ల చాలు. కడ్డీ చివరన బిట్ కూర్చునే గాడిని రెండు వాలులతో కోయవలసి రావడం ఒక్కటే కాస్త శ్రమ. అందుకోసం 12 డిగ్రీల వాలున్న అల్యూమినియం ముక్కను ముందుగా చేసుకుని, కడ్డీని దాని మీద ఎత్తి, పైగా కాంపౌండ్‌ను అదే కోణానికి తిప్పి, ఇంతకు ముందు చెప్పిన పద్ధతిలో స్పిండిల్‌లోని కట్టర్‌తో గాడి తీస్తారు. ఈ హోల్డర్ మరలు కోయడానికీ, రంధ్రాల లోపలి పనికీ పనికిరాదు. అయినా బయటి ముఖాలను గుండ్రంగా తీయడం, చివరను చదును చేయడం అన్న రెండు పనులనూ బిట్ మార్చకుండా చేస్తుంది గనుక, చిన్న లేత్‌కు చేసుకునే హోల్డర్లన్నిటిలో శ్రమకు తగిన ఫలితం ఎక్కువగా ఇచ్చేది ఇదేనని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

చిన్న లేత్ యజమానులు అన్నిటికన్నా భయపడే పని పార్టింగ్, అంటే పూర్తయిన వస్తువును సన్నని పలక వంటి బిట్‌తో కడ్డీ నుంచి కోసి వేరు చేయడం. ఇరుకైన లోతైన గాడిలో చిప్స్ ఇరుక్కుంటాయి, మొన లోపలికి కరుచుకుపోతుంది, ఒక్కోసారి పలక ఫట్టున విరుగుతుంది. మొన ముందు వైపు ఉన్నప్పుడు జాబ్ ఉపరితలం దాన్ని కిందికి నొక్కుతుంది. పోస్ట్ కింది కీళ్లు లొంగి ముందుకు వాలితే మొన ఇంకా లోతుకు దిగుతుంది, లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే ఇంకా వాలుతుంది. ఈ విషవలయాన్ని తెంచడానికి మొనను జాబ్‌కు అవతలి వైపు, తలకిందులుగా పెట్టే వెనుక టూల్ పోస్ట్‌ను వాడతారు. బ్రిటన్ నమూనా యంత్రకారుడు జార్జ్ థామస్ తన రచనల ద్వారా దీనికి మంచి ప్రచారం కల్పించాడు. అవతలి వైపు జాబ్ ఉపరితలం పైకి లేస్తూ ఉంటుంది గనుక మొన మీది ఒత్తిడి కూడా పైకే ఉంటుంది, అమరిక ఏమాత్రం లొంగినా మొన జాబ్ నుంచి తప్పుకునే దిశలోనే కదులుతుంది. చిప్స్ గాడిలో నిలవక కిందికి రాలిపోతాయి. స్పిండిల్ కూడా పైకి లేవకుండా కిందికి, బేరింగుల గట్టి పీఠంలోకి అదుముకుంటుంది. మినీ లేత్ క్రాస్ స్లయిడ్ పొట్టిది గనుక వెనుక పోస్ట్‌కు చోటు చాలదు. పొడవాటి ఉక్కు లేదా పోత ఇనుప పలకతో కొత్త క్రాస్ స్లయిడ్‌నే చేసుకునేవారు ఉన్నారు. అది పెద్ద పనే, తొందరపడి మొదలుపెట్టవలసినది కాదు. ముందు పోస్ట్‌తోనే సరిపెట్టుకోవాలంటే కాంపౌండ్ స్లయిడ్‌ను పూర్తిగా తీసేసి, దాని స్థానంలో గట్టి ఇనుప దిమ్మను నేరుగా క్రాస్ స్లయిడ్‌కు బిగించి, దాని మీద టూల్ పోస్ట్ నిలిపితే సగం బాధ పోతుంది. ఒత్తిడి దారిలోని అతి బలహీనమైన కీలు అలా తప్పుకుంటుంది.

ఈ విద్యకు గట్టి రాతపూర్వక సంప్రదాయం ఇంగ్లండులో ఉంది. పర్సివల్ మార్షల్ 1898లో ప్రారంభించిన మోడల్ ఇంజినీర్ పత్రిక, చిన్న ఆవిరి యంత్రాలు ఇళ్లలో చేసుకునేవారి కోసం తరతరాలుగా ఇటువంటి అనుబంధాల కొలతలను అచ్చువేస్తూ వచ్చింది. అందులో వచ్చిన నమూనాలలో చాలా భాగం, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నాటింగ్‌హామ్ దగ్గరి బీస్టన్ నుంచి వచ్చిన మైఫోర్డ్ ఎం.ఎల్.7 లేత్‌ను దృష్టిలో పెట్టుకున్నవి. బెడ్ నుంచి ఇరుసు దాకా దాని ఎత్తు మూడున్నర అంగుళాలు, అంటే నేటి 7 అంగుళాల మినీ లేత్‌కు ఉన్నంతే. అందువల్ల ఆ పాత నమూనాలను స్వల్ప మార్పులతో ఈనాటి యంత్రానికి కూడా అన్వయించుకోవచ్చు, బిగించే బోల్టుల స్థానాలు మాత్రం కొలిచి చూసుకోవాలి.

మొనను పట్టే హోల్డర్ల తర్వాత వచ్చేవి యంత్రానికి కొత్త పనులు నేర్పే అనుబంధాలు. వీటిలో అతి చవకైనది విభజన పరికరం: మరలు కోయడానికి యంత్రంతో వచ్చే 60 పళ్ల చక్రాన్ని స్పిండిల్ వెనుక కొసకు బిగించి, పళ్ల సందులో దిగే స్ప్రింగు పుల్లను ఒకదాన్ని అమరిస్తే, గుండ్రని వస్తువు చుట్టును 2, 3, 4, 5, 6, 10, 12 సమ భాగాలుగా గుర్తించవచ్చు, ఫ్లాంజి మీద ఆరు బోల్టు రంధ్రాలు సమదూరంలో కావాలంటే ప్రతి పది పళ్లకూ ఒకసారి ఆగితే చాలు. గుండ్రని పిడి వంటి గోళాలను తీయడానికి మొనను నిలువు ఇరుసు చుట్టూ తిప్పే పరికరం, క్యారేజి ప్రతిసారీ ఒకే చోట ఆగేలా బెడ్‌కు బిగించే స్టాప్, సన్నని పొడవాటి కడ్డీ వంగకుండా మొన వెంటే నడిచే ఇత్తడి వేళ్ల ఆధారం, ఇవన్నీ ఒక్కో సాయంత్రం లేదా ఒక్కో వారాంతం పని. టెయిల్‌స్టాక్‌లో, అంటే బెడ్ కుడి కొసన ఉండి డ్రిల్‌ను పట్టే భాగంలో, నికరమైన కడ్డీని నిలిపి దాని మీద జారే డై హోల్డర్‌ను, అంటే కడ్డీ మీద మరలు కోసే బిళ్లను పట్టే భాగాన్ని, చేసుకుంటే చిన్న బోల్టుల మీది మరలు వంకర పోవు; డై ఒంటిని చేత్తో పట్టుకుని తిప్పుతారు గనుక ఒత్తిడి మితిమీరితే చేయి వదిలేయవచ్చు, మర తెగిపోదు. ఇలా కొత్తగా చేసిన ఏ అనుబంధాన్నైనా మోటారు వేయకముందు చక్‌ను చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పి, దవడలు ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. కళ్లజోడు పెట్టుకోవాలి, చేతులకు గ్లోవ్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ తొడుక్కోకూడదు. తిరిగే యంత్రం గుడ్డను పట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటుంది.

అనుబంధాలలో చివరగా చెప్పుకోవలసింది, మోటారు అవసరమే లేకుండా యంత్రాన్ని నడిపే చేతి పిడి. కొన్ని బోల్టులకు మరలు తల మొదలు దాకా రావాలి. మోటారు మీద ఆ పని చేస్తే అతి తక్కువ వేగంలో కూడా మొన తలను గుద్దుకోకముందే క్యారేజిని నడిపే పొడవాటి మర అయిన లీడ్ స్క్రూ నుంచి దాన్ని విడదీసే సగం నట్టు లివర్‌ను ఎత్తడానికి మనిషికి దొరికే వ్యవధి రెప్పపాటు. మినీ లేత్ స్పిండిల్ లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. దానికి కాస్త తక్కువ వ్యాసం గల ఉక్కు గొట్టాన్ని తీసి, ఒక కొసన నాలుగు చీలికలు కోసి, లోపలికి ఏటవాలు బిరడా ఒకటి లాగేలా పొడవాటి బోల్టు వేస్తే, బోల్టు బిగించిన కొద్దీ గొట్టం విచ్చుకుని స్పిండిల్ లోపలి గోడను గట్టిగా పట్టుకుంటుంది. బయటి కొసకు అడ్డంగా ఒక చదును కమ్మీ, దాని చివరన తిరిగే పిడి తగిలిస్తే అయిపోయింది. మోటారు తీగను ప్లగ్ నుంచి పీకేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టకుండా మరల చక్రాల వరసను కలిపే ఉంచి, ఎడమ చేత్తో పిడిని తిప్పితే స్పిండిల్, లీడ్ స్క్రూ, క్యారేజి అన్నీ ఆ చేతి వేగానికే కదులుతాయి; కోత బరువు పిడిలో తెలుస్తుంది, మొన మొద్దుబారితే కూడా ముందుగా తెలిసేది ఆ చేతికే. మొన తల దగ్గరికి వచ్చే ఆఖరి పావు చుట్టులో చేయి తనంతట తానే నెమ్మదిస్తుంది, సన్నని ఉక్కు తీగలా సాగిన చిప్ అక్కడ తెగి ట్రేలోకి రాలుతుంది.